ఎండల్లో బయట తినాల్సి వస్తే

ఎండలు ముదిరాక కూడా పనుల మీద తిరిగేవాళ్లకు రద్దీ వీధిలో ఏదో ఒక హోటల్లో తినక తప్పదు. బోర్డు చూసో, ఏసీ చూసో లోపలికి వెళ్లిపోతాం. నన్నడిగితే అంతకంటే ముందు తెలుసుకోవాల్సింది, వండి ఎంతసేపయింది, అప్పటినుంచి వేడిగానే ఉంచారా అన్నది.

5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మజీవులు తెగ పెరుగుతాయి. వండినది మామూలుగా 2 గంటలకు మించి బయట ఉండకూడదు. ఎండ 32 డిగ్రీలు దాటితే ఆ గడువు గంటే. అందుకని జనం బాగా ఉండి, గిన్నెలు వెంటవెంటనే ఖాళీ అవుతున్నప్పుడే తినేయండి. ఆలస్యమైతే మిగిలినవి వద్దని, అప్పటికప్పుడు వండేదే చెప్పండి. అడగడానికి మొహమాటపడొద్దు.

మాంసం అంటే భయపడేవాళ్లు కూడా అన్నాన్ని అనుమానించరు. బియ్యంలో ఉండే బాసిలస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉండిపోతే అవి మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. అరగంట నుంచి 6 గంటల లోపు వాంతులు మొదలవుతాయి. ఒకసారి మా అబ్బాయి ప్లేటులో పైన పొగలు వస్తున్నాయి, మధ్యలో వేలు పెడితే అన్నం చల్లగా, ఉండలు కట్టి ఉంది. చూసి కూడా ఆకలేస్తోంది కదా అని తిననిచ్చాను. ఇంటికి చేరేలోపే వాంతులు. ఇప్పుడైతే మధ్యలో చల్లగా ఉంటే ప్లేటు వెనక్కి పంపేస్తాను.

గడ్డకట్టినంత మాత్రాన క్రిములు చావవు, కాబట్టి ఏ నీళ్లతో చేశారో తెలియని ఐసు వద్దు. కోసి ఉంచిన పచ్చి కూరగాయలు, పండ్ల ముక్కలు కూడా వద్దు. తినేముందు సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగండి, వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్ శానిటైజర్‌కు సరిగా లొంగదు. ఏదైనా పడనివాళ్లు ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పాలి. గర్భిణులు, అయిదేళ్ల లోపు పిల్లలు, పెద్దవాళ్లు సగం ఉడికిన గుడ్డు, మాంసం జోలికి పోవద్దు. పార్సిల్ తీసుకుంటే ఎండలో నిలిపిన కారులో వదిలేయకండి.

ఇంత చూసుకున్నా కడుపు పాడైతే ఓఆర్ఎస్ కొంచెం కొంచెంగా తాగుతూ ఉండాలి. అది దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీటిలో 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి కలపండి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, ముఖ్యంగా పిల్లలకు. విరేచనంలో రక్తం, ఎక్కువ జ్వరం, నీళ్లు కూడా నిలవనన్ని వాంతులు, మూత్రం బాగా తగ్గిపోవడం, వీటిలో ఏది కనిపించినా విరేచనాలు ఆపే మాత్ర వేసుకుని ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లి, ఏం తిన్నారో, ఎన్ని గంటలకు తిన్నారో, వాంతులు ఎప్పుడు మొదలయ్యాయో చెప్పండి.