నిర్ణయం ముందు దేవుని చిత్తం కోసం కనిపెట్టడం (ప్రార్థనతో ఎదురుచూడడం) ఎలా
ఉద్యోగమో, పెళ్లి సంబంధమో వచ్చినప్పుడు బైబిల్ గుడ్డిగా తెరిచి, వేలు పడ్డ వచనాన్ని జవాబనుకోవద్దు. కొత్త సంవత్సరం వాగ్దాన కార్డు (బైబిల్ వచనం రాసి ఉండే కార్డు) కూడా ధైర్యానికే, నిర్ణయానికి కాదు.

ముందు విషయాన్ని ఒక్క వాక్యంలో రాసుకోండి. బైబిల్ వద్దన్నదైతే, దొంగ సర్టిఫికెట్‌తో వచ్చే ఉద్యోగంలాంటిదైతే, ఉపవాసం అక్కర్లేదు, మానేయండి. కాకపోతే అపొస్తలుల కార్యములు 16:6-10 నెమ్మదిగా చదవండి. సువార్త చెప్పడానికి బయల్దేరిన అపొస్తలుడు పౌలుకు ఆసియలో (అప్పటి ఒక రోమా ప్రాంతం) అడ్డు, బితూనియకు అడ్డు, త్రోయలో రాత్రి దర్శనం, ఆపైనే మాసిదోనియ. అడ్డు తగిలినా పౌలు ప్రయాణం ఆపలేదు. దర్శనం ఒక్కడికే వచ్చినా, నిశ్చయించుకున్నది ‘మేము’ అని, అంటే తోటివారితో కలిసి అని ఉంది. అందుకే మీకు మొహమాటం లేకుండా వద్దని చెప్పగల ఇద్దరు పెద్దలను అడగండి.

గిద్యోనులా గుర్తులు అడగాలనిపిస్తే న్యాయాధిపతులు 6:14 చూడండి: ఇశ్రాయేలును విడిపించమని గిద్యోనుకు ఆజ్ఞ ముందే అందింది, గుర్తు కోసం గొర్రెబొచ్చు పరిచింది తర్వాత, సందేహం కొద్దీ.