స్పిన్నింగు మిల్లులో దూది నుసిని తగ్గించడం ఎలా?

గోదావరి డెల్టాలో ఎటు చూసినా వరి, కొబ్బరే. అయినా తణుకు చుట్టుపక్కల నూలు మిల్లులు నడుస్తున్నాయి కాబట్టి, పత్తి పండని చోట కూడా పత్తి నుసి తెచ్చే బిసినోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు గురించి తెలిసి ఉండాలి. బయటి ఊళ్ల నుంచి వచ్చే బేళ్లలో (పత్తి కట్టల్లో) దూదితోపాటు ఎండుటాకుల పొడి, తొడిమల ముక్కలు, వాటిని అంటుకున్న బ్యాక్టీరియా కూడా ఉంటాయి. ఊపిరితిత్తులను దెబ్బతీయడంలో ప్రధాన పాత్ర ఆ బ్యాక్టీరియా నుంచి వచ్చే ఎండోటాక్సిన్ అనే విషానిది. జుట్టు మీద, కనుబొమల మీద తెల్లగా పేరుకునే పెద్ద పోగులు చిరాకు పెడతాయి గానీ అసలు ప్రమాదం వాటితో కాదు. లోపలికి పోయేది కంటికి కనిపించని సన్నటి నుసి. రైస్ మిల్లు ఊక దుమ్ములా ఇది వెంటనే గుచ్చుకోదు, అందుకే ఎవరూ పట్టించుకోరు.

ముందు కొలవండి

ముడి పత్తి ధూళికి పని గంటల సగటు పరిమితి ఘనపు మీటరు గాలికి 0.2 మిల్లీగ్రాములు. 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల ఎత్తు ఉన్న హాలు తీసుకుంటే, మొత్తం గాలిలో తేలే నుసి ఒక గ్రాముకు కూడా చేరకూడదన్నమాట. ఇది కంటితో తేలే విషయం కాదు. వర్టికల్ ఎలుట్రియేటర్ అనే పరికరం నిమిషానికి 7.4 లీటర్ల గాలి లాగుతూ సన్నటి నుసిని మాత్రమే ఫిల్టరు మీద పట్టుకుంటుంది. మిక్సింగ్, బ్లోరూమ్ (దూదిని విప్పి చెత్త తీసే చోటు), కార్డింగ్ (దూదిని దువ్వే చోటు), వేస్టు గదుల్లో విడివిడిగా, మిషన్లన్నీ మామూలుగా నడిచే రోజున కొలిపించాలి. కడిగి తుడిచిన రోజు తీసిన లెక్క పనికిరాదు. ఆరు నెలలకోసారి, మిక్సింగ్ మార్చినప్పుడల్లా మళ్లీ కొలవాలి.

బేళ్ల దగ్గర

చెత్త శాతం ఎక్కువున్న బేలు చవగ్గా వస్తుంది, ఆ మిగులు కార్డింగ్‌లో పనిచేసేవాళ్ల ఊపిరి మీద పడుతుంది. కొనేటప్పుడే ట్రాష్ శాతం చూడండి. విప్పిన దూదిని ఎత్తు నుంచి విసరకుండా చేతి ఎత్తులో దించాలి.

పీల్చే గొట్టాలు, వాటి లీకులు

నుసిని పుట్టినచోటే పట్టెయ్యాలి. గదిలోకి వచ్చేశాక చేసేదంతా ఆలస్యంగా చేసే పనే. కార్డింగ్ మిషన్ల సక్షన్ ఎంత ఒత్తిడి దగ్గర ఉండాలో తయారీదారు పుస్తకంలో ఉంటుంది. ఆ అంకెను మిషన్ మీదే పెయింటుతో రాయించి, షిఫ్టు మొదట్లో ఒత్తిడి కొలిచే మానోమీటరు చూసి రిజిస్టరులో ఎక్కించండి. అంకె తగ్గుతోందంటే ఫిల్టరు నిండిపోయి ఉండాలి, లేదా గొట్టం చీలి ఉండాలి, లేదా ఎవరో తనిఖీ మూత తెరిచి మరిచిపోయి ఉండాలి. మూడోదే ఎక్కువసార్లు దొరుకుతుంది.

లీకు వెతకడానికి అగరుబత్తి వెలిగించకండి. దూది క్షణంలో అంటుకుంటుంది. జానెడు నూలు పోగును మూత అంచుకు దగ్గరగా వేలాడదీయండి. అది లోపలికి లాగితే గాలి లోపలికి పోతోంది, అక్కడ మూత సరిగ్గా పడలేదు. ఆ మేరకు దువ్వే చోట లాగుడు తగ్గుతుంది. కదలకుండా వేలాడితే ఆ జాయింటు బాగున్నట్టే. ఇదే పోగును దూది దువ్వే చోట పీల్చే నోటి ముందు పట్టినప్పుడు మాత్రం గట్టిగా లోపలికి లాగాలి. ఉక్కపోతకు తట్టుకోలేక కార్డింగ్ పక్కన పెట్టే స్టాండు ఫ్యాను ఈ లాగుడును చెదరగొట్టేస్తుంది. ఫ్యాను తీసేయమనడం తేలికే. దాని బదులు హాలుకు చల్లగాలి సరిగ్గా అందేలా చూడడం యాజమాన్యం పని.

తేమ

బ్లోరూమ్, కార్డింగ్‌లలో 50–55 శాతం, నూలు వడికే రింగ్ ఫ్రేముల దగ్గర 55–60 శాతం తేమ సరిపోతుంది. ఎండాకాలం పడమటి గాలికి తేమ పడిపోతే నుసి బాగా లేస్తుంది. వానాకాలంలో మన దగ్గర బయటి గాలిలోనే తేమ ఎక్కువ. కిటికీలు తెరిస్తే దూది రోలర్లకు చుట్టుకుంటుంది, దాన్ని చేత్తో పీకాల్సి వస్తుంది, ఆ పీకేటప్పుడు నుసి నేరుగా మొహం మీదికి వస్తుంది. హాలు గాలికి తేమనిచ్చే హ్యుమిడిఫికేషన్ ప్లాంటు తొట్టిలో కాలవ నీళ్లు వాడితే వడకట్టి, శుద్ధి చేసి వాడండి. తొట్టిని క్రమం తప్పకుండా కడగండి. నాచు పట్టిన నీళ్లలో పెరిగే బ్యాక్టీరియా తుంపరలతోపాటు హాల్లోకే వస్తుంది.

ఊడ్చే పద్ధతి మార్చండి

కొబ్బరి ఈనెల చీపురు వాకిట్లో బాగుంటుంది, మిల్లులో కాదు. నేలకు దిగిన నుసినంతా మళ్లీ పైకి లేపుతుంది. వ్యాక్యూమ్ క్లీనరే వాడండి. అది లేనిచోట వెడల్పాటి మాపును నేలకు ఆనించి, ఎత్తకుండా నెమ్మదిగా తోసుకుపోవాలి. పైపులు, దూలాలు, లైట్ల మీద పేరుకున్నది ముందు, నేల తర్వాత.

కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకోవడం పూర్తిగా మానిపించాలి. కంటికి, చెవికి దెబ్బ తగలడమే కాదు, ఆ నుసి పక్కవాళ్లు పీలుస్తారు. వ్యాక్యూమ్ అందని మూల కోసం గాలి కొట్టక తప్పకపోతే మిషన్ ఆపి, మిగతావాళ్లందరినీ బయటికి పంపి, కొట్టే మనిషికి మాస్క్ పెట్టి, నుసి దిగాకే తిరిగి రానివ్వాలి.

మాస్క్

తువ్వాలు, చున్నీ, గుడ్డ మాస్క్ సన్నటి నుసిని ఆపవు. ఐఎస్ 9473 ముద్ర ఉన్న ఎఫ్ఎఫ్‌పీ2 రకం, లేదా ఎన్95 కావాలి. పై పట్టీ నడినెత్తి మీద, కింది పట్టీ చెవుల కింద మెడ మీద ఉండాలి. జడ ఉన్నవాళ్లు కింది పట్టీని జడ కిందినుంచి పోనివ్వాలి. ముక్కు మీది తీగను రెండు చేతులతో నొక్కి, గట్టిగా ఊదితే అంచుల నుంచి గాలి రాకూడదు. గడ్డం ఉంటే అంచు ఆనదు. చెమటకు తడిసి ఊపిరి భారమైతే షిఫ్టు మధ్యలోనైనా కొత్తది ఇవ్వాలి.

సెలవు తర్వాత మొదటి రోజు

బిసినోసిస్ తొలి గుర్తు ఇది: వారాంతపు సెలవు అయ్యాక పనిలోకి వచ్చిన రోజున, కొన్ని గంటలకు ఛాతీ పట్టేసినట్టుండడం, దగ్గు, ఆయాసం. మర్నాటికి తగ్గుతుంది, అందుకే జలుబనుకుని ఊరుకుంటారు. సెలవు వంతులవారీగా ఇచ్చే మిల్లులో ఆ రోజు గురువారమైనా కావచ్చు. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చినవాళ్లను ప్రత్యేకంగా గమనించండి. మేస్త్రీ ఆ రోజు, "ఇయ్యాళ రొమ్ము పట్టేసినట్టేవన్నా ఉందాండీ?" అని ఒక్కొక్కరినీ అడిగి రాసుకోవాలి.

పనిలో చేరేముందు, తర్వాత ఏటా స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు కొలిచే పరీక్ష) చేయించాలి. సెలవు తర్వాత మొదటి రోజు పనికి ముందోసారి, కనీసం 4 గంటలు పనిచేశాక మరోసారి ఊదించాలి. మొదటి సెకనులో ఊదే గాలి 5 శాతం లేదా 200 మిల్లీలీటర్లు తగ్గితే ఆ మనిషికి ఆరు నెలలకోసారి పరీక్ష అవసరం. ఊడ్చేవాళ్లు, వేస్టు మోసేవాళ్లు చాలాచోట్ల కాంట్రాక్టు మీద ఉంటారు కాబట్టి జాబితాలోంచి జారిపోతారు. ఎక్కువ నుసి పీల్చేవాళ్లలో వాళ్లూ ఉంటారు, ముందు వాళ్ల పేర్లు రాయండి. పొగ తాగేవాళ్లకు జబ్బు మరింత ముదురుతుంది, అది విడిగా చెప్పాలి.

గుర్తులు కనిపించినవాళ్లను జీతం తగ్గకుండా నుసి తక్కువుండే ప్యాకింగు వైపు మార్చి, ఈఎస్ఐ డాక్టరుకు ఏ విభాగంలో ఎన్నేళ్లు చేశారో కాగితం మీద రాసి పంపండి. బిసినోసిస్ పని వల్ల వచ్చే జబ్బుల చట్టబద్ధమైన జాబితాలో ఉంది (2025 వరకు 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో ఉండేది). పని వల్ల వచ్చిందని తేలితే పరిహారం అడిగే హక్కు ఉంటుంది, దానికి ఆధారం ఆ కాగితమూ పాత స్పైరోమెట్రీ రిపోర్టులే. వాటి నకళ్లు కార్మికుడి చేతిలో కూడా ఉండాలి.