‘శాస్త్రవేత్తల సంచలనం’ అని వార్త కనబడితే: షేర్ చేసేముందు అసలు పేపర్‌లో ఏం చూడాలి

2023 జులై చివర్లో జరిగిన ఎల్‌కే-99 గోల గుర్తుందా? దక్షిణ కొరియా పరిశోధకులు కొందరు సీసం, రాగి, ఫాస్ఫరస్, ఆక్సిజన్ కలిసిన ఒక పదార్థం మామూలు గది వేడిలో, మామూలు గాలి ఒత్తిడిలోనే సూపర్ కండక్టర్‌గా, అంటే కరెంటుకి నిరోధమే లేని పదార్థంగా పనిచేస్తోందని ఆర్కైవ్ (arXiv) అనే వెబ్‌సైట్‌లో పేపర్లు పెట్టారు. అయస్కాంతం మీద చిన్న ముక్క ఒకవైపు లేచి నిలబడిన వీడియో కూడా వదిలారు. నేనైతే ఆ రాత్రి నిద్ర మానుకుని తెలిసినవాళ్లందరికీ ఆ వీడియో పంపాను, పైగా ‘ఇక ప్రపంచం మారిపోయినట్టే’ అని కూడా రాశాను, ఆ మెసేజ్ ఎవరైనా ఇప్పుడు బయటికి తీస్తే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. నెల తిరిగేసరికి విషయం తేలిపోయింది. ఆ ముక్కల్లో రాగి సల్ఫైడ్ మలినంగా ఉండిపోయింది, అది 104 డిగ్రీల సెల్సియస్ దగ్గర తన లోపలి అమరిక మార్చుకుంటుంది, ఆ మార్పు దగ్గర నిరోధం ధబాలున పడిపోతుంది. ఆ పడిపోవడాన్ని చూసే సూపర్ కండక్టర్ అనుకున్నారు. స్టుట్‌గార్ట్‌లోని మాక్స్ ప్లాంక్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మలినం లేని స్ఫటికాన్ని పెంచి చూస్తే, అది సూపర్ కండక్టర్ కాదు సరికదా, కరెంటునే సరిగ్గా పోనివ్వని ఇన్సులేటర్.

ఆ దెబ్బతో నాకంటూ ఒక పద్ధతి పెట్టుకున్నాను. దీనికి సైన్స్ డిగ్రీ ఏమీ అక్కర్లేదు. పేపర్‌లో ముప్పాతిక భాగం అర్థం కాకపోయినా ఫర్వాలేదు, ఎక్కడ చూడాలో తెలిస్తే అరగంట చాలు.

ముందు వార్తని పక్కన పెట్టి పేపర్ పట్టుకోండి

వార్త అడుగున జర్నల్ పేరు, 10తో మొదలయ్యే డీవోఐ నంబరు (ఒక్కో పేపర్‌కి ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబరు) ఉంటాయేమో చూడండి. లేకపోతే పరిశోధకుడి పేరు, మందు పేరో పదార్థం పేరో కలిపి గూగుల్ స్కాలర్‌లో వెతకండి, వైద్యం అయితే పబ్‌మెడ్‌లో వెతకండి. డబ్బు కడితేగానీ తెరుచుకోని పేపర్ అయితే అదే పేరుతో ఉచిత కాపీ ఎక్కడైనా ఉందేమో చూడండి, లేదంటే రచయితకే మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి, చాలామంది సంతోషంగా పంపిస్తారు. వెతికినా పేపరే దొరకలేదనుకోండి, ఉన్నది యూనివర్సిటీ పత్రికా ప్రకటన ఒక్కటే అనుకోండి, అప్పుడు చేయాల్సిన పని ఏమీ లేదు, ఆ ట్యాబ్ మూసేయడమే.

దొరికింది ప్రీప్రింటా, జర్నల్‌లో అచ్చయినదా అని చూసుకోండి. ఆర్కైవ్, బయోఆర్కైవ్, మెడ్ఆర్కైవ్‌లలో ఉన్నవి తోటి నిపుణులు ఇంకా పరిశీలించనివి. అలాగని ప్రీప్రింట్ అంటే అబద్ధమనీ కాదు, అచ్చయిందంటే నిజమనీ కాదు. 2023 మార్చిలో లుటీషియం హైడ్రైడ్ గది వేడిలో సూపర్ కండక్టర్ అంటూ వచ్చిన పేపర్ సాక్షాత్తూ ‘నేచర్’లోనే అచ్చయింది, అదే ఏడాది నవంబర్‌లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఎందుకంటే పరిశీలించే నిపుణులు ప్రయోగాన్ని మళ్లీ చేసి చూడరు, రాసింది చదివి తప్పులు పడతారు, అంతే. ఈ ఒక్క విషయం చాలామందికి తెలియదు.

వైద్యం పేపర్ అయితే

మొదటి ప్రశ్న: ఎవరి మీద చేశారు? గాజు పళ్లెంలో కణాల మీదా, ఎలుకల మీదా, మనుషుల మీదా? హెడ్డింగ్‌లో ‘ఎలుక’ అన్న మాట చాలాసార్లు మాయమైపోతుంది, ‘మెథడ్స్’ అనే భాగంలోకి వెళ్తే దొరుకుతుంది. కణాల మీద పనిచేసినవి, ఎలుకల్లో పనిచేసినవి లెక్కలేనన్ని. వాటన్నిటినీ దాటుకుని మనుషుల మీద మొదటి దశ ట్రయల్‌కి వచ్చిన మందుల్లో కూడా చివరికి అనుమతి దొరికేది సుమారు పదింటిలో ఒక్కదానికే.

మనుషుల మీదే చేశారంటే, తర్వాత అడగాల్సింది: దేనితో పోల్చారు? చీటీలు వేసినట్టు కొందరికి మందు, కొందరికి మామూలు చికిత్సో ప్లసీబోనో (చూడటానికి మందులాగే ఉండే ఉత్తుత్తి మందు) ఇచ్చారా, లేక ఆసుపత్రి రికార్డులు తవ్వి మందు వాడినవాళ్లని వాడనివాళ్లతో పోల్చారా? రెండో రకంలో చిక్కేమిటంటే, జబ్బు బాగా ముదిరినవాళ్లకే ఆ మందు ఇచ్చి ఉండొచ్చు, అప్పుడు నేరం మందు మీద పడుతుంది. 2020 మే 22న ‘లాన్సెట్’ అనే వైద్య జర్నల్‌లో, కోవిడ్‌కి హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు వాడటం మీద ఇలాంటి రికార్డుల పేపర్ ఒకటి వచ్చింది, 671 ఆసుపత్రులు, 96 వేల మంది రోగులు అన్నారు, అంకెలు చూస్తే ఎవరికైనా నోట మాట రాదు. ఆ డేటా చూపించమని అడిగితే బయటి నిపుణులకు ఇవ్వలేకపోయారు, జూన్ 4కల్లా పేపర్ వెనక్కి పోయింది. అదే నెలలో బ్రిటన్‌లో రికవరీ ట్రయల్ వాళ్లు కోవిడ్ రోగులకు డెక్సామెథసోన్ అనే మందు ఇచ్చి చూసిన ఫలితం చెప్పారు: వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయి, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో ఐదో వంతు తగ్గాయి, ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు లాభమేమీ కనిపించలేదు. చీటీ పద్ధతిలో చేసిన ట్రయల్ అది. ఎవరికి పనిచేస్తుంది, ఎవరికి చేయదు అని విడదీసి చెప్పిన ఫలితం ఎప్పుడూ ‘అందరికీ పనిచేస్తుంది’ అన్నదానికంటే నాకు ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

ఇక మూడోది, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది: వాళ్లు కొలిచింది ఏమిటి? రోగి బతకడాన్నా, బాధ తగ్గడాన్నా, లేక రక్తపరీక్షలో ఒక అంకెనా? 1980లలో గుండెపోటు వచ్చి బయటపడినవాళ్లకు గుండె లయ తప్పకుండా ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు ఇచ్చేవారు. ఈసీజీ చూస్తే లయ తప్పిన స్పందనలు నిజంగానే తగ్గేవి, అందరికీ సంతోషం. కాస్ట్ అనే ట్రయల్‌లో ఆ మందుల్ని ప్లసీబోతో పక్కపక్కన పెట్టి చూశారు, రెండువైపులా సుమారు 750 మంది చొప్పున. సగటున పది నెలల్లో ప్లసీబో వైపు 26 మంది చనిపోతే, మందు వైపు 63 మంది చనిపోయారు. ఈసీజీ కాగితం బాగుపడింది, మనిషి పోయాడు. అందుకే కొలెస్ట్రాల్ తగ్గిందనో, కణితి చిన్నదైందనో, మెదడులో ఫలానా ప్రొటీన్ కరిగిందనో వార్త వచ్చినప్పుడల్లా ‘సరే, మరి మనిషికి ఏమైంది?’ అని పేపర్‌ని అడగండి. దానికి జవాబు లేకపోతే అది సగం వార్తే.

అంకెల దగ్గరికి వచ్చేసరికి శాతాన్ని చూసి టెన్షన్ పడకండి, దాని వెనకున్న అసలు రెండు సంఖ్యలు వెతకండి. 1995లో బ్రిటన్‌లో కొత్త రకం గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపు అవుతుందని హెచ్చరిక వచ్చింది. జనం హడలిపోయి మాత్రలు మానేశారు, కోరుకోని గర్భాలు, గర్భస్రావాలు పెరిగాయి. అసలు లెక్క ఏమిటంటే, 7,000 మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి వస్తుంది. రెట్టింపు అన్నదీ నిజమే, 7,000 మందిలో ఒక్కరు ఎక్కువ అన్నదీ నిజమే, కానీ రెండూ ఒకేలా వినబడవు. మేలు చెప్పేటప్పుడూ ఇదే తంతు. అల్జీమర్స్ మందు లెకానెమాబ్ మీద 2022లో వచ్చిన ట్రయల్‌లో జబ్బు ముదరడం 27 శాతం నెమ్మదించిందన్నారు. పేపర్ తెరిస్తే, జబ్బు తీవ్రతని కొలిచే 18 పాయింట్ల స్కేలు మీద పద్దెనిమిది నెలల్లో ప్లసీబో వాళ్లు 1.66 దిగజారితే మందు వాళ్లు 1.21 దిగజారారు, తేడా 0.45. అది చిన్నదా పెద్దదా అని డాక్టర్లే ఇంకా వాదించుకుంటున్నారు, అది వేరే సంగతి, కానీ 27 అన్న అంకె ఒక్కటే చూసినవాళ్లకు ఆ వాదన ఉందని కూడా తెలియదు.

పి వాల్యూ (అసలు తేడా ఏమీ లేకపోయినా ఇంత తేడా ఊరికే కనబడే అవకాశం ఎంతో చెప్పే అంకె) గురించి ఎక్కువ చెప్పను. 0.05 కంటే తక్కువ వచ్చిందంటే గొప్ప ఏమీ కాదు, సంబంధమే లేని ఇరవై విషయాలు కొలిచినా సగటున ఒకటి ఊరికే అలా వచ్చేస్తుంది. అందుకే ట్రయల్స్‌ని ముందుగా నమోదు చేసే క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ వెబ్‌సైట్‌లో ఆ ట్రయల్ నమోదు తెరిచి, మొదట్లో దేన్ని ప్రధానంగా కొలుస్తామన్నారో, పేపర్‌లో దేన్ని గొప్పగా చెప్పుకున్నారో సరిపోల్చుకోండి. రెండూ వేరైతే అనుమానించండి.

మెటీరియల్స్ పేపర్ అయితే

ఇక్కడ రోగులు ఉండరు, సాంపిళ్లు ఉంటాయి. ఇంకెవరైనా దీన్ని తయారుచేయగలిగారా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. ఒక్క ల్యాబ్‌లో, ఒక్క విద్యార్థి చేతిలో మాత్రమే వచ్చే పదార్థం ఇంకా పదార్థం కిందకి రాదు.

పేపర్‌లో పెద్దగా కనబడే అంకె సాధారణంగా వాళ్లు చేసిన వాటిలో అన్నిటికంటే బాగా వచ్చిన ఒక్క ముక్కది. దాన్ని ‘చాంపియన్’ అనే అంటారు, దాపరికం కూడా లేదు. పేపర్‌తో పాటు విడిగా పెట్టే సప్లిమెంటరీ ఫైల్‌లో మిగతా సాంపిళ్ల సగటు ఉంటుంది, అది చూడండి. సిలికాన్‌కి బదులు పెరోవ్‌స్కైట్ అనే రకం స్ఫటికాలతో చేసే సోలార్ సెల్స్ సంగతే తీసుకుంటే, 2009లో 3.8 శాతం సామర్థ్యంతో మొదలై ఇప్పుడు 26 శాతం దాటాయి, నిజంగా అబ్బురమే. కానీ ఈ రికార్డుల్లో చాలావరకు గోరంత సెల్‌ల మీద వచ్చినవి, తేమ, వేడి, వెలుతురు మూడూ వీటికి శత్రువులే. సిలికాన్ ప్యానెళ్లకు 25 ఏళ్ల వారంటీ ఇస్తున్నారు. కాబట్టి ఈ రకం పేపర్‌లో సామర్థ్యం గ్రాఫ్ కంటే ముందు ఎన్ని గంటలు, ఎంత వేడిలో, ఎంత తేమలో నిలబడిందో రాసిన వాక్యం వెతకండి. నత్రజని నింపిన పెట్టెలో వెయ్యి గంటలు నిలవడం వేరు, ఎండకీ వానకీ నిలవడం వేరు.

బ్యాటరీల పేపర్లలో ఇంకో తమాషా ఉంటుంది. గ్రాముకు ఇంత సామర్థ్యం అంటారు, ఏ గ్రాము? చాలాసార్లు ఎలక్ట్రోడ్‌లో పనిచేసే పదార్థం ఒక్కదాని బరువే లెక్కేస్తారు, ద్రావణం, రేకులు, డబ్బా బరువు లెక్కలో ఉండవు. బిళ్లంత కాయిన్ సెల్‌లో, పలచటి పూతతో, నిదానంగా చార్జ్ చేస్తూ వచ్చిన అంకె కారు బ్యాటరీలోనూ వస్తుందని ఆశపడకండి. ‘ఐదు నిమిషాల్లో చార్జ్’ అంటే ఎన్నిసార్లు చార్జ్ చేసి చూశారో అడగండి. లిథియం అయాన్ బ్యాటరీకి పునాది వేసిన కోబాల్ట్ ఆక్సైడ్ పేపర్ 1980లో వచ్చింది, బజారులోకి బ్యాటరీ వచ్చింది 1991లో. ‘త్వరలో మీ ఫోన్‌లోకి’ అన్న వార్త చూసినప్పుడు ఆ పదకొండేళ్లు గుర్తు చేసుకుంటే చాలు.

‘కొత్త పదార్థం’ అన్నప్పుడు ఆ కొత్తదనాన్ని కూడా అనుమానించండి. 2023 నవంబర్‌లో బర్క్‌లీలోని ఏ-ల్యాబ్ అనే రోబో ల్యాబ్, 17 రోజుల్లో 58 లక్ష్యాల్లో 41 కొత్త పదార్థాలు తయారుచేసిందని వచ్చింది. బయటి రసాయన శాస్త్రవేత్తలు ఆ ఎక్స్‌రే గ్రాఫులు తీసి చూసి, ఇందులో చాలావరకు ముందే తెలిసినవేననీ, గ్రాఫుల్ని అర్థం చేసుకోవడంలోనే లోపం ఉందనీ తప్పుపట్టారు. మనకి ఎక్స్‌రే గ్రాఫ్ చదవడం రాకపోవచ్చు, కానీ అది వచ్చినవాళ్లు ఏమంటున్నారో చూడొచ్చు. అచ్చయిన పేపర్ల మీద నిపుణులు విమర్శలు రాసే పబ్‌పీర్ వెబ్‌సైట్‌లో పేపర్ పేరు కొట్టి చూడండి, రెండు నిమిషాల పని.

ఒంట్లో పెట్టే పదార్థాలు

వైద్యం, మెటీరియల్స్ కలిసే చోట మాత్రం రెట్టింపు జాగ్రత్త కావాలి. లోహం మీద లోహం తిరిగే కృత్రిమ తుంటి కీళ్లు ల్యాబ్‌లోని యంత్రాల్లో చాలా తక్కువ అరిగాయి, బ్రహ్మాండం అనుకున్నారు. ఒంట్లో పెట్టేటప్పుడు కీలులోని గిన్నెలాంటి భాగం కాస్త వాలుగా కూర్చుంటే అంచు మీద భారం పడి అరుగుదల పెరిగింది, కోబాల్ట్, క్రోమియం రేణువులు చుట్టూ ఉన్న కండరాన్ని దెబ్బతీశాయి. అలాంటి ఒక రకం కీలుని 2010లో ప్రపంచవ్యాప్తంగా వెనక్కి పిలిచారు. అది బయటపడింది కూడా కీళ్ల మార్పిడి చేయించుకున్నవాళ్ల వివరాలు ఏళ్ల తరబడి రాసిపెట్టిన రిజిస్ట్రీల వల్ల.

స్వీడన్‌లోని కరోలిన్‌స్కాలో 2011లో పావ్‌లో మక్కియారిని అమర్చిన ప్లాస్టిక్ శ్వాసనాళం కథ ఇంకా ఘోరం. మూలకణాలు పూసిన నాళం అది, ఐదు నెలలకి రోగి బాగున్నాడని ‘లాన్సెట్’లో రాశారు. ఆ రోగి 2014 జనవరిలో చనిపోయాడు, పేపర్ 2018లో వెనక్కి పోయింది. ఒంట్లో పెట్టే దేని గురించి చదివినా ముందు జంతువుల మీద ఎంతకాలం చూశారు, రోగుల్ని ఎన్ని నెలలు గమనించారు అన్న రెండు అంకెలూ రాసుకోండి. ఐదు నెలలు సరిపోతాయో లేదో మీకే తెలిసిపోతుంది.

ఇంకా కొన్ని చిన్న పనులు

చివర్లో ‘లిమిటేషన్స్’ పేరా తప్పకుండా చదవండి, రచయితలు తమ బలహీనత తామే ఒప్పుకునే చోటు అది. డబ్బు ఎవరిచ్చారో చూడండి, కంపెనీ ఇచ్చినంత మాత్రాన కొట్టిపారేయకండి, మందుల ట్రయల్స్‌కి ఎక్కువ డబ్బు వచ్చేది అక్కడినుంచే. మీరు వాడుతున్న మందు గురించి ఏదైనా చదివితే దాన్ని మానేయడం, డోసు మార్చడం మీ అంతట మీరు చేయకండి, పేపర్ ప్రింటు తీసుకుని మీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

పాత పేపర్ ఎవరైనా ఫార్వర్డ్ చేస్తే మాత్రం చదవకముందే అది ఇంకా బతికి ఉందో లేదో చూడండి. టీకాలకీ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 ‘లాన్సెట్’ పేపర్, కేవలం 12 మంది పిల్లల మీద రాసింది, 2010లో రద్దయింది, అయినా దాని పాత కాపీలు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. ఎప్పుడో దించుకున్న పీడీఎఫ్‌కి తనని రద్దు చేసిన సంగతి తెలియదు కదా. అందుకే ఫైల్ తెరవకుండా డీవోఐ నంబరు కొట్టి జర్నల్ పేజీకే వెళ్లండి, లేదా పబ్‌మెడ్‌లో చూడండి, రద్దయితే పైనే కనబడేలా రాసి ఉంటుంది. పేపర్లు దాచుకునే అలవాటుంటే జొటేరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి, రద్దయిన పేపర్లని నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ జాబితాతో సరిచూసి, మీరు దాచుకున్న పేపర్‌ని ఎవరైనా వెనక్కి తీసుకుంటే అదే ఎర్ర గుర్తుతో చెబుతుంది.