పేటెంట్ పరీక్ష నేర్చుకుందాం – 5: ఆ తేడా ఏ క్లెయిమ్‌లో ఉంది?

పోయిన పాఠంలో యూనివర్సల్ జాయింట్ (కోణంలో ఉన్న రెండు షాఫ్ట్‌లని కలిపే జాయింట్) పేటెంట్ దరఖాస్తు ఒకటి, దాని మీద వచ్చిన ఎఫ్ఈఆర్ (పేటెంట్ ఆఫీసు ఎగ్జామినర్ అభ్యంతరాలతో పంపే మొదటి పరీక్ష నివేదిక) ఒకటి తయారుచేసి ఇచ్చి, జవాబు రాయమన్నాను. ఎగ్జామినర్ అడ్డం పెట్టిన పాత పత్రాలే డీ1, డీ2. వచ్చిన జవాబుల్లో చాలావాటి మొదటి వాక్యం ఒకటే: "డీ1లో వేవ్ వాషర్ (అలలా వంగి స్ప్రింగులా పనిచేసే వాషర్) లేదు, మా దాంట్లో ఉంది, కాబట్టి మాది కొత్తదే." డీ1లో వాషర్ లేదన్నది నిజమే. మరి మన ఒకటో క్లెయిమ్‌లో, అంటే దేనిమీద హక్కు కావాలో చెప్పే వాక్యంలో, ఉందా?

మళ్లీ చదవండి. "రెండు యోక్‌లు, వాటిని కలిపే క్రాస్, క్రాస్ నాలుగు కాళ్ల మీద నీడిల్ బేరింగ్ కప్పులు, ఆ కప్పులను యోక్ చెవుల్లో ఆపే సర్క్లిప్‌లు గల యూనివర్సల్ జాయింట్." అంతే. యోక్ అంటే షాఫ్ట్ చివర రెండు చెవులున్న ముక్క, క్రాస్ అంటే కూడిక గుర్తు ఆకారపు ముక్క, సర్క్లిప్ అంటే గాడిలో కూర్చుని కప్పుని ఆపే రింగ్ లాంటి క్లిప్. రాణిగంజ్‌లో ఏ స్పేర్ పార్టుల షాపులో క్రాస్ కిట్ అడిగినా యోక్‌లు తప్ప మిగతావన్నీ ఒకే డబ్బాలో ఇస్తారు. క్లారెన్స్ స్పైసర్ 1903లోనే అమెరికాలో మోటారు బండ్ల యూనివర్సల్ జాయింట్ మీద పేటెంట్ తీసుకున్నాడు. ఈ క్లెయిమ్‌ని కొట్టెయ్యడానికి ఎగ్జామినర్ డీ1 దాకా కూడా వెళ్లక్కర్లేదు.

వాషర్ ఉన్నది నాలుగో క్లెయిమ్‌లో. బాలానగర్‌లో జాబ్ వర్క్ చేసే ఒకాయన "బొమ్మ 2లో వాషర్ స్పష్టంగా కనిపిస్తోంది కదా సార్" అని రాశారు. కనిపిస్తోంది. కానీ బొమ్మ, వివరణ ఉన్నవి క్లెయిమ్‌ని అర్థం చేసుకోవడానికి. మీకు హక్కు వచ్చేది క్లెయిమ్‌లో రాసినదానికే, ఎగ్జామినర్ పోల్చేదీ దాన్నే. అందుకే నేను ఎఫ్ఈఆర్ రాగానే అబ్‌స్ట్రాక్ట్ (సారాంశం) జోలికి పోను. ఒకటో క్లెయిమ్‌ని ప్రింట్ తీసి, ఒక్కో భాగాన్ని పెన్సిల్‌తో విడగొట్టి, పక్కన డీ1లో అది ఏ పేరాలో, ఏ బొమ్మలో ఉందో రాసుకుంటాను. పక్కన ఖాళీ మిగిలిన భాగమే తేడా. ఒక్క ఖాళీ కూడా మిగలకపోతే వాదన మానేసి క్లెయిమ్ మార్చాలి.

ఇక్కడ మార్పు తేలికే. నాలుగో క్లెయిమ్‌ని ఒకటోదానిలో కలిపేయండి: "ఎదురెదురుగా ఉన్న ప్రతి కప్పుల జతలో ఒక కప్పుకీ దాని సర్క్లిప్‌కీ మధ్య మాత్రమే వేవ్ వాషర్ ఉండి, రెండో కప్పు నేరుగా సర్క్లిప్‌కి ఆనుకొని ఉండే" అని. పేటెంట్ల చట్టం సెక్షన్ 59 దీన్ని ఒప్పుకుంటుంది. ఈ విషయం ముందే స్పెసిఫికేషన్‌లో (మనం ఫైల్ చేసిన వివరణ, క్లెయిమ్‌ల పత్రంలో) ఉంది, కొత్త క్లెయిమ్ పాత క్లెయిమ్ పరిధిలోనే ఇమిడింది. ఇద్దరు మాత్రం ఇదే అదనుగా క్రాస్ లోపల కొత్త గ్రీజు దారి కూడా చేర్చారు. ఫైల్ చేసిన కాగితాల్లో లేనిదాన్ని ఎఫ్ఈఆర్ జవాబులో దూర్చడం కుదరదు. అది అంత మంచి ఆలోచనైతే వేరే దరఖాస్తు వేసుకోండి.

ఇక నాకు ఒళ్లు మండిన సంగతి. సగంమంది మార్చిన క్లెయిమ్ చివర "తద్వారా కంపనం లేకుండా సమాన వేగంతో తిరిగే" అని తగిలించారు. క్లెయిమ్‌లో ఫలితం రాస్తే బలం వస్తుందని ఎవరు చెప్పారో! ఒకే క్రాస్ ఉన్న జాయింట్ కోణంలో పనిచేస్తూ సమాన వేగంతో తిరగదు. ఇన్‌పుట్ షాఫ్ట్ నిమిషానికి 1000 చుట్లు తిరుగుతోందనుకోండి, రెండు షాఫ్ట్‌ల మధ్య కోణం 30 డిగ్రీలు. అవుట్‌పుట్ వేగం 866కి పడిపోయి 1155 దాకా లేస్తుంది. అదీ ఒక్క చుట్టులో రెండుసార్లు. ఎక్కువ వేగం కావాలంటే 1000ని కాస్ 30తో భాగించండి, తక్కువ వేగానికి గుణించండి. కోణం 10 డిగ్రీలైతే 985 నుంచి 1015 వరకు, 20 డిగ్రీలైతే 940 నుంచి 1064 వరకు. సున్నా డిగ్రీల దగ్గర మాత్రమే తేడా ఉండదు, కానీ షాఫ్ట్‌లు రెండూ తిన్నగా ఉంటే మనకీ జాయింటే అక్కర్లేదు. ట్రాక్టర్‌కి రోటవేటర్ తగిలించి, పీటీఓ (ఇంజిన్ శక్తిని పనిముట్టుకి అందించే షాఫ్ట్) ఆపకుండా బాగా పైకెత్తితే షాఫ్ట్ దడదడలాడడం చూసినవాళ్లకి ఇది లెక్క లేకుండానే తెలుసు.

దీనికి మందు రెండు జాయింట్లు వాడటం. రెండింటి కోణాలూ సమానంగా ఉండి, మధ్య షాఫ్ట్ రెండు చివర్ల యోక్‌లూ ఒకే వరసలో ఉంటే మొదటిది చేసిన హెచ్చుతగ్గుల్ని రెండోది సరిచేస్తుంది. లేదా ర్జెప్పా జాయింట్‌లాగా (బాల్స్ ద్వారా తిప్పే సమాన వేగపు జాయింట్) బాల్స్‌ని ఎప్పుడూ కోణాన్ని సరిగ్గా సగం చేసే తలంలో ఉంచాలి. కప్పు వెనక వాషర్ పెడితే ఈ జామెట్రీ మారదు. ఎగ్జామినర్ కూడా మెకానికల్ చదివినవాడే. ఆ మాట చూడగానే సెక్షన్ 10 తీసి, ఈ ఫలితం ఎలా వస్తుందో వివరణలో చూపించమంటాడు. మీ దగ్గర జవాబు ఉండదు. లేని తలనొప్పిని చేజేతులా తెచ్చుకున్నట్టు. వాషర్ నిజంగా చేసే పని కప్పు వదులుగా కదలకుండా చెయ్యడం, అరిగేకొద్దీ ఆ ఖాళీని తనే పూడ్చుకోవడం. అదే రాయండి, అదీ క్లెయిమ్‌లో కాదు, జవాబులో.

ఇక ఇన్వెంటివ్ స్టెప్, అంటే ఆ రంగం తెలిసినవాడికి మామూలుగా తట్టని ముందడుగు. ఎగ్జామినర్ డీ2 చూపించాడు: మోటార్ బాల్ బేరింగ్ వెనక వేవ్ వాషర్. డీ1కి డీ2 తగిలిస్తే మీ జాయింట్ వచ్చేస్తుందన్నాడు, పైగా సెక్షన్ 3(ఎఫ్) కూడా పెట్టాడు. "అది మోటారు, ఇది జాయింటు, రంగాలు వేరు" అని రాసినవాళ్లకి సున్నా మార్కులు. ఆ వాషర్ ఏ ఇంజనీర్‌కైనా తెలిసిన వస్తువే. వర్క్‌షాపులో మామూలుగా చేసుకునే మెరుగుదలకి పేటెంట్ లేదని 1978లో బిశ్వనాథ్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది కూడా.

మీరు చూపించాల్సింది, తెలిసినవాడు కూడా ఎందుకు వెనకాడతాడో. నాలుగు కప్పుల వెనకా వాషర్లు పెడితే క్రాస్ రెండు స్ప్రింగుల మధ్య తేలుతుంది, కేంద్రం పక్కకి జరుగుతుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ వేగంలో బ్యాలెన్స్ పోతుంది. అందుకే వేర్వేరు మందాల సర్క్లిప్‌లు దగ్గర పెట్టుకుని, కొలిచి సరిపోయేది వేయడం అలవాటు. మన క్లెయిమ్‌లో వాషర్ ఒక పక్కనే ఉంది. అది క్రాస్‌ని ఎప్పుడూ ఎదుటి గట్టి వైపుకే నెడుతుంది. వాషర్, ఎదుటి సర్క్లిప్ కలిసి పనిచేస్తున్నాయి కాబట్టి 3(ఎఫ్)లో చెప్పిన "దేనికది విడిగా పనిచేసే తెలిసిన పరికరాల అమరిక" అన్నది దీనికి వర్తించదు. ఒకే మందం సర్క్లిప్‌తో బిగింపు అయిపోతుంది, కొలిచే పని తప్పుతుంది. సెక్షన్ 2(1)(జెఎ)లోని ఆర్థిక ప్రాముఖ్యం అన్న మాటకి కూడా ఇదే పనికొస్తుంది. డీ2లో ఇవేవీ లేవు.

గడువు సంగతి తెలిసిందే: ఎఫ్ఈఆర్ జారీ అయిన తేదీ నుంచి ఆరు నెలలు, అడిగితే ఇంకో మూడు. మన హైదరాబాద్ దరఖాస్తులు చెన్నై ఆఫీసు పరిధిలోకి వస్తాయి.

అభ్యాసం: ఎస్పాస్‌నెట్‌లో (యూరోపియన్ పేటెంట్ ఆఫీసు వెతుకులాట సైట్) ఎఫ్16డి 3/26 తరగతి కింద వెతికి, సర్క్లిప్‌కీ కప్పుకీ మధ్య స్ప్రింగ్ ఉన్న పాత పేటెంట్ ఒకటి పట్టుకోండి. మాటలతో వెతకొద్దు. ఇదే జాయింట్‌ని ఒకడు హుక్ అంటాడు, ఇంకొకడు కార్డాన్ అంటాడు. దొరికినదాన్ని డీ3 అనుకుని, మార్చిన ఒకటో క్లెయిమ్ దాని ముందు నిలబడుతుందో లేదో ఒక పేజీలో రాయండి. ఆ తర్వాత ఎగ్జామినర్ కుర్చీలో కూర్చుని, గట్టి వైపు కప్పు అరిగితే క్రాస్ కేంద్రం ఎటు జరుగుతుందో మీరే అడిగి, స్పెసిఫికేషన్‌లో ఉన్న మాటలతోనే జవాబు చెప్పండి.