ఫుడ్ అలర్జీ ఉన్నవాళ్లు ప్యాకెట్ లేబుల్‌ని ఎలా చదవాలి?

వేరుశనగో, పాలో, నువ్వులో పడనివాళ్లు పదార్థాల జాబితా చూసి ఆగిపోకూడదు. అదే మెషిన్ మీద అంతకుముందు ఏం తయారైందో కూడా తెలుసుకోవాలి.

1. ఎప్పుడూ కొనే ప్యాకెట్టే అయినా జాబితా ప్రతిసారీ చదవండి. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి లేబుల్ మీద నువ్వుల పేరు తప్పనిసరి అయింది. మెషిన్ల మీద నువ్వుల జాడ లేకుండా చేయడం కష్టమని కొన్ని కంపెనీలు బన్నుల్లో కావాలనే నువ్వుల పిండి కలిపి, ఆ మాట లేబుల్ మీద రాసేశాయి. అప్పటిదాకా తిన్న బన్నే పడకుండా పోయింది. పాలను కేసిన్, వే అనే పేర్లతో కూడా రాస్తారని గుర్తుంచుకోండి.

2. 'పాలు ఉండవచ్చు' (May contain milk) లాంటి హెచ్చరిక కోసం వెతకండి. కనిపిస్తే కొనకండి. కనిపించకపోతే మాత్రం ధీమా పడొద్దు. అమెరికాలో, యూరప్‌లో ఆ హెచ్చరిక రాయడం కంపెనీ ఇష్టం, చట్టం బలవంతం చేయదు. అందరికీ తెలియాల్సిన విషయం ఇదే. 'వీగన్' (జంతువుల నుంచి వచ్చినవేవీ వేయలేదు) అని ఉన్నా పాల జాడ అస్సలు లేదని హామీ కాదు.

3. డార్క్ చాక్లెట్ విషయంలో మరింత జాగ్రత్త. నీటి తడి తగిలితే చాక్లెట్ పాడవుతుంది కాబట్టి ఆ మెషిన్లను మాటిమాటికీ నీళ్లతో కడగరు. చాలాసార్లు తర్వాతి రకం చాక్లెట్‌నే వాటిలోంచి పంపి పాతదాన్ని బయటికి నెట్టేస్తారు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015లో వెల్లడించిన పరీక్షల్లో, పాలు వేసినట్టు జాబితాలో లేని 88 డార్క్ చాక్లెట్ బార్లలో 51కి పాలు తగిలినట్టు తేలింది.

4. అనుమానం తీరకపోతే కంపెనీకి రాయండి. 'సేఫేనా?' అని అడిగితే 'సేఫే' అంటారు. విడమరచి అడగండి: ఇదే లైన్ మీద నాకు పడనిది కూడా తయారవుతుందా? మధ్యలో నీళ్లతో కడుగుతారా, ఊరికే తుడుస్తారా? కడిగాక నాకు పడనిదాని ప్రొటీన్ ఇంకా మిగిలిందేమో టెస్ట్ చేస్తారా? 'శుభ్రం చేస్తాం' అని మాత్రమే జవాబొస్తే ఆ ప్యాకెట్ వదిలేయండి.

5. ఎంత జాడకు రియాక్షన్ వస్తుందో మనిషిని బట్టి మారుతుంది, దాని గురించి డాక్టర్‌తో మాట్లాడండి. తీవ్రమైన రియాక్షన్ వస్తే వెంటనే పొడుచుకునే ఇంజెక్షన్, అంటే అడ్రినలిన్ పెన్, రాసిస్తే ఎప్పుడూ వెంట ఉంచుకోండి. తిన్నది పూర్తయ్యేదాకా ప్యాకెట్ పారేయకండి. ఏదైనా తేడా చేస్తే ఫిర్యాదుకు బ్యాచ్ నంబర్ కావాలి.