పత్మాసు ద్వీపంలో యోహాను గుహ: దర్శనానికి వెళ్ళేవారు తెలుసుకోవలసినవి

తెలుగు బైబిలు చదివేవారికి పత్మాసు అనే పేరు ప్రకటన గ్రంథం 1వ అధ్యాయం 9వ వచనంలో పరిచయమవుతుంది. ఈనాడు పాత్మోస్ అని పిలిచే ఆ ద్వీపం గ్రీసు దేశానిది. ఏజియన్ సముద్రంలో టర్కీ తీరానికి చేరువగా, సుమారు 34 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో ఉంది. రోమా చక్రవర్తి డొమీషియన్ కాలంలో, సుమారు క్రీ.శ. 95లో, ఇక్కడికి బహిష్కృతుడై వచ్చిన యోహాను దర్శనాలు పొందాడని సంప్రదాయం చెప్పే గుహ, స్కాలా అనే రేవుకూ కొండ మీది హోరా అనే పాత ఊరికీ నడుమ ఉంది.

ద్వీపంలో విమానాశ్రయం లేదు. ఏథెన్సు దగ్గరి పిరేయస్ రేవు నుంచి ఓడ ఎక్కితే ఏడెనిమిది గంటలకు తక్కువ పట్టదు, చేరేసరికి తరచు అర్ధరాత్రి అవుతుంది కనుక బసను ముందుగానే మాట్లాడుకోవాలి. సామోస్, కోస్ ద్వీపాల దాకా విమానంలో వచ్చి అక్కడి నుంచి ఓడ ఎక్కడం మరో మార్గం. భారత పాస్‌పోర్టు ఉన్నవారికి గ్రీసుతో సహా పలు ఐరోపా దేశాల్లో చెల్లే షెంగెన్ వీసా తప్పనిసరి. ప్రకటన గ్రంథంలో చెప్పిన ఏడు సంఘాల స్థలాలు చూడటానికి టర్కీ వెళ్ళి అటునుంచి రాదలచినవారు ఆ వీసా టర్కీలో చెల్లదనీ, టర్కీ వీసా గ్రీసులో చెల్లదనీ గుర్తుంచుకోవాలి. జూలై, ఆగస్టు నెలల్లో మెల్తెమి అనే ఉత్తరపు గాలి ఉద్ధృతమైతే ఓడలు ఆగిపోతాయి కాబట్టి, తిరుగు విమానానికి కనీసం ఒక రోజు ఎడం ఉంచుకోవడం మంచిది.

నా అభిప్రాయంలో ఈ యాత్ర ఫలించడం, ఫలించకపోవడం గుహలోకి అడుగుపెట్టే వేళను బట్టి ఉంటుంది. గుహ చాలా చిన్నది. విహార నౌకలు రేవుకు వచ్చిన రోజున వందలమంది ఒకేసారి మెట్లు దిగుతారు, అప్పుడు నిలబడటానికే చోటు చిక్కదు. ఒక రాత్రి ద్వీపంలోనే బస చేసి, తలుపు తీసే వేళకు అక్కడ ఉన్నవారికి మాత్రమే ఆ రాతి కింద మౌనంగా కూర్చునే అవకాశం దొరుకుతుంది. తెరిచే వేళలు కాలాన్ని బట్టి మారుతుంటాయి, మధ్యాహ్నం మూసివేయడం మామూలే, కనుక ముందురోజే బసలో అడిగి తెలుసుకోవాలి. స్కాలా నుంచి బస్సు ఉంది గాని, కాళ్ళలో సత్తువ ఉన్నవారు రాళ్ళు పరచిన పాత కాలిబాటన ఎక్కడమే మేలు.

భుజాలు, మోకాళ్ళు కప్పే దుస్తులు వేసుకోవాలి. చీర, చుడీదారు ఇందుకు చక్కగా సరిపోతాయి. లోపల ఫోటోలు తీయకూడదు. యోహాను తల వాల్చాడని చెప్పే రాతి గుంటను, లేచేటప్పుడు చెయ్యి ఆనించుకున్నాడని చెప్పే మరో చిన్న గుంటను వెండి తొడుగులు గుర్తుపట్టిస్తాయి. పైకప్పు రాతిలో మూడుగా చీలిన పగులును త్రిత్వానికి చిహ్నంగా చూపుతారు. యోహాను చెబుతుండగా శిష్యుడు ప్రొకోరు రాసుకున్నాడని అక్కడివారి నమ్మకం.

ఇది ఆరాధన జరిగే ఆర్థొడాక్స్ దేవాలయమని మరువరాదు. మన బాప్టిస్టు, లూథరన్ సంఘాల నుంచి వెళ్ళేవారు పటాలను ముద్దు పెట్టుకునే ఆచారం చూసి ఇబ్బంది పడనక్కరలేదు. దానిని పాటించమని ఎవరూ బలవంతపెట్టరు, ఒక పక్కన నిలబడి ప్రార్థించుకోవచ్చు. ప్రభురాత్రి భోజన సంస్కారాన్ని మాత్రం ఆర్థొడాక్స్ సభ్యులకే ఇస్తారు కనుక ఆ వరుసలో నిలబడకూడదు. గట్టిగా పాటలు పాడటం, బృందంగా ప్రసంగం పెట్టుకోవడం బయట ఆవరణలో కూడా మానుకోవడమే మర్యాద. తెలుగు బైబిలు వెంట తీసుకువెళ్ళి మొదటి అధ్యాయాన్ని మనసులో చదువుకోవడానికి మాత్రం అంతకన్నా తగిన చోటు లేదు.

గుహ చూశాక హోరాలోని కోట వంటి మఠానికి ఎక్కాలి. దానిని 1088లో క్రిస్టోడూలోస్ అనే సన్యాసి స్థాపించాడు. ఊదా రంగు తోలు పుటలపై వెండి అక్షరాలతో రాసిన 6వ శతాబ్దపు మార్కు సువార్త భాగాలు అక్కడ భద్రంగా ఉన్నాయి. మఠాన్ని కూడా మధ్యాహ్నం మూసివేస్తారు గనుక, గుహలో ఎంత సేపు గడిపినా ఆలోగా కొండ ఎక్కేటట్లు చూసుకోవాలి.