ఎలక్ట్రిక్ గిటారుకు హమ్ లేని పికప్‌ను ఎంచుకోవడం ఎలా

సింగిల్ కాయిల్ గిటారుతో వేదిక ఎక్కే ప్రతి ఒక్కరికీ హమ్ సంగతి తెలుసు. తిరుపతిలో పెళ్ళి రిసెప్షన్ వేదిక కానివ్వండి, చిత్తూరులో ఆదివారం ఆరాధన జరిగే చర్చి కానివ్వండి, గంగమ్మ జాతరకు వీధి మలుపులో వేసిన పందిరి కానివ్వండి, పాట నడుస్తున్నంతసేపూ అణిగి ఉన్న ఆ గుయ్‌మనే శబ్దం పల్లవికీ చరణానికీ మధ్య గాయకుడు ఆగిన చోట ఒక్కసారిగా పైకి వస్తుంది. దాన్ని వదిలించుకోవడానికి పికప్, అంటే తీగల కింద ఉండి వాటి కంపనాన్ని విద్యుత్తుగా మార్చే భాగం, మార్చడం మంచి మార్గమే. అయితే పికప్ మారిస్తే పోయే శబ్దం వేరు, ఎన్ని పికప్‌లు మార్చినా పోని శబ్దం వేరు. మీ గిటారులో ఉన్నది ఏదో ముందు తెలియాలి. ఆ తర్వాత, ఇప్పుడున్న నాదంలో దేన్ని వదులుకోవడం మీకు ఇష్టం లేదో తేల్చుకోవాలి. దుకాణంలో ఏ కంపెనీ బాగుంటుందని అడగడం ఈ రెండింటి తర్వాతి పని.

సింగిల్ కాయిల్ పికప్ అంటే ఆరు అయస్కాంత కడ్డీల చుట్టూ తలవెంట్రుకంత సన్నని రాగి తీగను ఏడెనిమిది వేల చుట్లు చుట్టిన కాయిల్. చవక గిటార్లలో అయస్కాంత కడ్డీలకు బదులు ఉక్కు కడ్డీలు, వాటి అడుగున ఒక సిరామిక్ అయస్కాంతపు పట్టీ ఉంటాయి. ఉక్కు తీగ కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం మారి కాయిల్‌లో విద్యుత్తు పుడుతుంది, అదే మనం వినే గిటారు. కానీ ఆ కాయిల్‌కు గిటారు తీగ ఏదో, పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ ఏదో తెలియదు. మన ఇళ్ళకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు ముందుకు వెళ్ళి వెనక్కి వస్తుంది కాబట్టి, యాంప్లిఫయర్‌లోని ట్రాన్స్‌ఫార్మర్, ట్యూబ్‌లైటు చోక్, గోడలోని వైరింగు వెదజల్లే అయస్కాంత క్షేత్రం 50 హెర్ట్‌జ్‌లోనూ, దాని గుణిజాలైన 100, 150 హెర్ట్‌జ్‌లలోనూ కాయిల్‌లోకి చేరుతుంది. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఆరో తీగ మూడో ఫ్రెట్‌లో పలికే జి స్వరం 98 హెర్ట్‌జ్. హమ్‌లోని 100 హెర్ట్‌జ్ దాని పక్కనే కూర్చుంటుంది. అందువల్ల జి శ్రుతిలో నిదానంగా సాగే పాటలో ఆ స్వరాన్ని పట్టి నిలిపినప్పుడు, స్వరం సెకనుకు రెండుసార్లు ఊగుతున్నట్టు వినిపించే అవకాశం ఉంది. శ్రుతి సరిగానే చేశామే అని వాయిద్యగాడు మళ్ళీ మళ్ళీ ట్యూనర్ చూసుకుంటూ ఉంటాడు.

ఇప్పుడు పరీక్షలకు వద్దాం. వీటికి ఖర్చేమీ లేదు, పావుగంట ఓపిక చాలు. గిటారును యాంప్లిఫయర్‌కు కలిపి, మీరు మామూలుగా వాయించే స్థాయిలో శబ్దం పెట్టి, గిటారు మీద ఉన్న వాల్యూమ్ నాబ్‌ను పూర్తిగా తగ్గించండి. అప్పటికీ గోల అంతే ఉంటే తప్పు పికప్‌ది కాదు. కేబులు, పెడళ్ళు (నాదాన్ని మార్చడానికి కాలితో నొక్కే పెట్టెలు), వాటి అడాప్టర్లు, యాంప్లిఫయర్ వీటిలో ఒకటి కారణం. వాల్యూమ్ తగ్గించగానే గోల పోయిందనుకుందాం. నాబ్ తిరిగి పెంచి, గిటారు మెడలో వేసుకుని నిలబడిన చోటే మెల్లగా ఒక చుట్టు తిరగండి. ఒక దిక్కున శబ్దం బాగా పెరిగి, మరో దిక్కున దాదాపు మాయమైతే అది అయస్కాంత క్షేత్రం వల్ల వచ్చే హమ్. దీనికి మందు హమ్‌ను రద్దు చేసే పికప్పే. ఎటు తిరిగినా మారకుండా, సన్నగా, గరుకుగా, కీచుమన్నట్టు వినిపిస్తూ, తీగలను చేత్తో తాకగానే తగ్గేది మరొక జాతి శబ్దం. అది మన శరీరం నుంచీ చుట్టుపక్కల వైర్ల నుంచీ విద్యుత్ క్షేత్రం రూపంలో వస్తుంది, దాన్ని బజ్ అంటారు. గిటారు లోపలి గుంటలకు రాగి రేకు అంటించి, ఆ రేకును ఎర్త్ తీగకు కలిపితే బజ్ బాగా తగ్గుతుంది. కానీ ఆ పలుచని రేకు 50 హెర్ట్‌జ్ అయస్కాంత క్షేత్రాన్ని ఆపలేదు. రేకు అంటించినా హమ్ పోలేదని బాధపడేవారు, పికప్ మార్చినా బజ్ పోలేదని బాధపడేవారు ఈ ఒక్క తేడా దగ్గరే పొరబడుతున్నారు.

గదిలోని ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటరు, కాంతి తగ్గించే డిమ్మరు, చవక ఎల్‌ఈడీ దీపాలు, పందిట్లో వేసే సీరియల్ బల్బుల కంట్రోలరు ఒక్కొక్కటిగా ఆపి వినండి. కరెంటు పోయి ఇన్వర్టరు మీద నడుస్తున్నప్పుడు మాత్రమే గోల పెరుగుతుంటే, అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు కావచ్చు; దానికి విరుగుడు గిటారులో లేదు. తీగలు తాకినప్పుడు గోల తగ్గకపోగా పెరిగితే, లేదా మైకుకు పెదవి తగిలినప్పుడు చురుక్కుమంటే, వెంటనే వాయించడం ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల బోర్డులో పెట్టడం, హమ్ తగ్గుతుందని ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం మన పందిళ్ళలో కనిపించే పనులే. ప్రాణం మీదకు వచ్చే పనులవి. ఏ పాటకూ అంత విలువ లేదు.

హమ్‌ను రద్దు చేసే సూత్రం పాతదే. గిబ్సన్ సంస్థలో పనిచేసిన సెత్ లవర్ 1955లో హంబకర్ పికప్‌కు పేటెంట్ కోరారు, 1959లో అది మంజూరైంది. దాదాపు అదే కాలంలో గ్రెచ్ గిటార్ల కోసం రే బట్స్ ఇలాంటి పికప్‌నే రూపొందించారు. ఒకదానికొకటి ఎదురు దిశలో కలిపిన రెండు కాయిళ్ళు తీసుకుంటే, బయటి నుంచి వచ్చే హమ్ రెండింటిలోనూ సమానంగా పుట్టి, తక్కెడ రెండు సిబ్బెల్లో ఒకే బరువు పడినట్టు, కలిసేసరికి సున్నా అవుతుంది. అయస్కాంత ధ్రువాలను కూడా తిప్పి అమర్చడం వల్ల తీగ సంకేతం మాత్రం రెండుసార్లు తిరగబడి, రెండు కాయిళ్ళదీ కలిసి పెరుగుతుంది. మూడు సింగిల్ కాయిల్ పికప్‌లుండే ఫెండర్ స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్లలో చాలావాటికి మధ్య పికప్ ఇలాగే తిప్పి చుట్టి ఉంటుంది, కనుక అది పక్క పికప్‌తో కలిసి పలికే స్విచ్చి రెండు, నాలుగు స్థానాల్లో హమ్ దానంతట అదే తగ్గుతుంది. మీ గిటారులో అలా తగ్గుతూ ఉండి, మీరు వాయించేది ఎక్కువగా ఆ స్థానాల్లోనే అయితే, కొత్త పికప్ కొనవలసిన అవసరం లేకపోవచ్చు.

సింగిల్ కాయిల్ గుంటలోనే పట్టే హమ్ లేని పికప్‌లు ప్రధానంగా మూడు నాలుగు రకాలు. స్టాక్ రకంలో ఒక కాయిల్ కింద మరొకటి ఉంటుంది. పై కాయిల్ తీగను వింటుంది, కింది కాయిల్ ముఖ్యంగా హమ్‌ను వింటుంది. ఫెండర్ నాయిస్‌లెస్, సేమూర్ డంకన్ క్లాసిక్ స్టాక్ ప్లస్, డిమార్జియో ఏరియా వరుసలు ఈ కోవలోవి. సింగిల్ కాయిల్ మెరుపును ఎక్కువగా నిలిపేవి ఇవే, కానీ పూర్తిగా కాదు. తీగను మీటిన క్షణంలో వచ్చే ఆ గాజు పలుకు, పై కొసలోని గాలి కొంచెం తగ్గినట్టు నా చెవికి అనిపిస్తుంది; బ్యాండులో డ్రమ్స్, కీబోర్డు మధ్య ఆ తేడా దొరకదు, ఇంట్లో ఒంటరిగా వాయిస్తే దొరుకుతుంది. రెయిల్ రకంలో సన్నని రెండు కాయిళ్ళు పక్కపక్కనే ఉండి, ఆరు కడ్డీలకు బదులు రెండు ఉక్కు పట్టీలు ఉంటాయి. సేమూర్ డంకన్ హాట్ రెయిల్స్, డిమార్జియో ఫాస్ట్ ట్రాక్ అలాంటివి. ఇవి రూపంలో చిన్నవైనా స్వభావంలో హంబకర్లే. నాదం బొద్దుగా, బలంగా, మధ్యస్థాయి నిండుగా ఉంటుంది, సింగిల్ కాయిల్ మెరుపు ఆశించకూడదు. మూడోది స్ప్లిట్ రకం. మూడు తీగలకు ఒక కాయిల్, మిగిలిన మూడింటికి మరొకటి, 1957 నుంచి ఫెండర్ ప్రెసిషన్ బేస్ గిటారులో రెండేసి తీగలకు వాడుతున్న పద్ధతే ఇది. ఇవి కాక, ఈఎంజీ వంటి యాక్టివ్ పికప్‌లు చాలా నిశ్శబ్దంగా ఉంటాయి, కానీ లోపల 9 వోల్టుల బ్యాటరీకి చోటు కావాలి, పాట్‌లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే నిరోధకాలు) 25 కిలో ఓమ్‌లవి వేయాలి, జాక్ మార్చాలి. కార్యక్రమం మధ్యలో బ్యాటరీ అయిపోతే గిటారు మూగబోతుంది కాబట్టి, ఈ బాధ్యత మోయగలవారే వాటి వైపు వెళ్ళడం మంచిది.

ఎంపిక మీ సంగీతాన్ని బట్టి ఉంటుంది. సినిమా పాటల్లో శుభ్రమైన ఆర్పీజియోలు (కార్డు స్వరాలను ఒక్కొక్కటిగా మీటడం) వాయించేవారికి, చర్చిలో ప్రతిధ్వని ఇచ్చే డిలే, రివర్బ్ పెట్టి పొడవైన స్వరాలు నిలిపేవారికి స్టాక్ రకం సరిపోతుంది. డిలే, రివర్బ్ వాడేవారికి హమ్ రెట్టింపు బెడద, ఎందుకంటే ఆ పెడళ్ళు హమ్‌ను కూడా సాగదీస్తాయి. డిస్టార్షన్ ఎక్కువ వాడేవారు బ్రిడ్జి (గిటారు ఒంటి మీద తీగలు ఆనే చోటు) దగ్గర రెయిల్ రకం, మిగతా రెండు చోట్ల స్టాక్ వేసుకుంటే మేలు. నాయిస్ గేటు పెడల్ చాలదా అని కొందరు అడుగుతారు. అది వాయించనప్పుడు మాత్రమే శబ్దాన్ని మూస్తుంది, స్వరం సన్నగిల్లుతున్న చోట దాని తోకను కూడా కోసేస్తుంది. గిటారు మీద కర్ణాటక సంగీతం పలికించేవారి సంగతి వేరు. ఆర్. ప్రసన్న వంటి కళాకారులు చూపించినట్టు, ఆ సంగీతంలో ఎలక్ట్రిక్ గిటారుకు నిజమైన చోటుంది. ఆలాపనలో స్వరానికీ స్వరానికీ మధ్య ఉండే మౌనం రాగంలో భాగమే కాబట్టి అక్కడ హమ్‌ను సహించడం చాలా కష్టం. పైగా గమకం కోసం తీగను పక్కకు బాగా లాగినప్పుడు అది కడ్డీ మీది నుంచి జరిగి శబ్దం కొంత తగ్గే అవకాశం ఉంటుంది. అటు నుంచి ఇటు వరకు ఒకే పట్టీ ఉన్న పికప్‌కు ఆ చిక్కు ఉండదు. వీరు బలం తక్కువగా ఉన్న రెయిల్ పికప్‌ను మెడ వైపు ప్రయత్నించాలని నా సలహా.

కంపెనీలు ఇచ్చే అంకెల్లో అందరూ ముందు చూసేది కిలో ఓమ్‌లు. మామూలు స్ట్రాటోకాస్టర్ పికప్ ఆరు కిలో ఓమ్‌ల చుట్టూ ఉంటుంది. స్టాక్ పికప్ అంతకంటే చాలా ఎక్కువ చూపించినా ఎక్కువ బలం ఇవ్వదు, ఎందుకంటే ఆ లెక్కలో హమ్ కోసం చుట్టిన కింది కాయిల్ కూడా ఉంది. అందువల్ల ఒకే నిర్మాణం ఉన్న రెండు పికప్‌ల మధ్య మాత్రమే ఆ అంకెతో పోల్చండి. హెన్రీలలో ఇచ్చే ఇండక్టెన్స్ దొరికితే అది ఇంకా నమ్మదగినది. పాత తరహా స్ట్రాటోకాస్టర్ పికప్‌కు అది రెండున్నర హెన్రీల చుట్టూ ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ మెరుపు తగ్గి మధ్యస్థాయి పెరుగుతుంది. పాట్‌ల విలువ కూడా చూడాలి. సింగిల్ కాయిల్‌కు 250 కిలో ఓమ్‌లు, హంబకర్‌కు 500 కిలో ఓమ్‌లు వాడుక. రెయిల్ పికప్ వేసి పాత 250 పాట్‌లే ఉంచితే నాదం మబ్బుగా ఉండవచ్చు. ఆ పికప్‌కు తయారీదారు ఏ విలువ చెప్పారో అదే వేయండి.

కొనేముందు స్కేలు తీసుకుని మూడు కొలతలు రాసుకోండి. మొదటి కడ్డీ నడుమ నుంచి ఆరో కడ్డీ నడుమకు దూరం మొదటిది. ఇది 50 మి.మీ. నుంచి 53 మి.మీ. వరకు గిటారును బట్టి మారుతుంది, కాబట్టి పాత ప్లాస్టిక్ మూత కొత్త పికప్‌కు పడుతుందో లేదో దీన్ని బట్టే తెలుస్తుంది. బిగించే రెండు స్క్రూల మధ్య దూరం రెండోది. చెక్కలో గుంట లోతు మూడోది, చాలామంది మరిచిపోయేది కూడా ఇదే. స్టాక్ పికప్ మామూలుదాని కంటే పొడవుగా కిందికి దిగుతుంది, పలుచని చెక్క ఉన్న చవక గిటార్లలో అది అడుగుకు తగిలి ఎత్తు సరిచేయడం కుదరదు. ఫెండర్ వారి మరో నమూనా టెలికాస్టర్ అయితే బ్రిడ్జి పికప్, మెడ పికప్ ఆకారాలే వేరు కనుక దాని పేరు చెప్పే అడగండి.

తిరుపతి, చిత్తూరు వాళ్ళకు ఇలాంటి సరుకు కోసం హైదరాబాదు కంటే చెన్నై దగ్గర. వీలైతే గిటారు వెంట తీసుకుని అక్కడి పెద్ద వాద్య దుకాణాలకు వెళ్ళండి, మీరు కొనదలచిన పికప్ ఉన్న గిటారును ఒక్కసారైనా చెవితో విని నిర్ణయించుకోండి. ఆన్‌లైన్లో తెప్పిస్తే తిరిగి ఇచ్చే నియమాలు ముందే చదవండి, తీగలకు టంకం పెట్టిన పికప్‌ను వెనక్కి తీసుకోకపోవడం మామూలు. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం కూడా కలుస్తుంది.

బిగించడానికి మీ వీధిలో టీవీ, రేడియో బాగుచేసే మనిషి చేయి చాలు, ఆయనకు కంపెనీ ఇచ్చిన వైరింగ్ బొమ్మ కాగితం మీద తీసి ఇవ్వండి. నాలుగు వైర్లు బయటికి వచ్చే పికప్‌లలో రంగుల అర్థం కంపెనీని బట్టి మారుతుంది. సేమూర్ డంకన్‌లో సంకేతం నల్ల తీగలో వస్తుంది, ఎరుపు, తెలుపు కలిపి ఉంచాలి, ఆకుపచ్చ ఎర్త్‌కు. డిమార్జియోలో సంకేతం ఎరుపులో, నలుపు, తెలుపు కలిపి, ఆకుపచ్చ ఎర్త్‌కు. ఒకదాని బొమ్మతో మరొకదాన్ని కలిపితే శబ్దం రాదు, లేదా సన్నగా వస్తుంది. వేర్వేరు కంపెనీల పికప్‌లు కలిపి వాడుతుంటే టంకం పెట్టేముందు మల్టీమీటరును 20 కిలో ఓమ్‌ల దగ్గర ఉంచి పికప్‌కు కలిపి, స్క్రూడ్రైవరు మొనను కడ్డీల మీద పెట్టి చూడండి. మొన తగిలిన క్షణంలో అంకె పెరుగుతుందో తగ్గుతుందో రాసుకుని, మూడు పికప్‌ల అంకెలూ ఒకే వైపు కదిలేట్టు వాటి వైర్లు అమర్చండి. గిటారు తీగలు బిగించేముందు యాంప్లిఫయర్ సన్నగా పెట్టి స్క్రూడ్రైవరుతో కడ్డీలను తట్టితే ఏ స్థానంలో ఏ పికప్ పలుకుతుందో తెలిసిపోతుంది, మళ్ళీ విప్పే పని తప్పుతుంది.

చివరగా ఎత్తు. ఆఖరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి పట్టుకుని, ఆరో తీగ కింద 3 మి.మీ., మొదటి తీగ కింద 2.4 మి.మీ. దూరంతో మొదలుపెట్టి, స్క్రూను పావు చుట్టు చొప్పున తిప్పుతూ వినండి. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగను లాగి, పై ఫ్రెట్లలో స్వరం వణికినట్టు, శ్రుతి తప్పినట్టు వినిపిస్తుంది. ఈ పనిని ఇంట్లోనే ముగించకుండా, మీరు వాయించే హాల్లో, అక్కడి యాంప్లిఫయర్‌తో, దీపాలన్నీ వేసి మరోసారి సరిచూసుకోండి. విప్పిన పాత పికప్‌లను స్క్రూలతో సహా ఒక కవరులో కట్టి, ఏది ఏ స్థానానిదో రాసి దాచండి. రేపు గిటారు అమ్మవలసి వస్తే అవి తిరిగి పెట్టి, కొత్తవాటిని మీ తర్వాతి గిటారుకు మార్చుకోవచ్చు.